‘వీడియో తీయరాదు’ అనాలా, ‘చిత్రీకరించరాదు’ అనాలా, ‘రికార్డు చేయరాదు’ అనాలా?

స్వర్ణముఖి (తిరుపతి):

తిరుపతిలో ఉద్యోగినులు, విద్యార్థినులు కలిసి ఉండే ఒక వసతిగృహానికి నియమావళిని తెలుగులో రాసి ఇచ్చే పని నాకు అప్పగించారు. భోజన వేళలు, గేటు మూసే సమయం, అతిథుల రాకపోకలు వంటివన్నీ సాఫీగానే కుదిరాయి కానీ, ఫోన్లతో వీడియోలు తీసే విషయంలో రాయవలసిన ఒక్క వాక్యం దగ్గర పని ఆగిపోయింది. నిర్వాహకురాలు ‘ఆవరణలో వీడియో చిత్రీకరణ నిషేధం’ అని రాయమంటున్నారు. అలా రాస్తే బోర్డుకు హుందాతనం వస్తుందని ఆవిడ అభిప్రాయం. నాకేమో ‘వీడియో తీయరాదు’ చాలుననిపిస్తోంది. ఆంగ్ల ప్రతిలో మాత్రం రికార్డు చేయడం అని ఉంది. ఈ బోర్డు చదవవలసినవారిలో పరిశోధక విద్యార్థినులూ ఉన్నారు, వంటశాలలో పనిచేసే అమ్మలూ ఉన్నారు, గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనా ఉన్నారు. ఈ మూడు క్రియలకూ అర్థంలో నిజంగా తేడా ఉన్నదా, లేక అది అలవాటు మాత్రమేనా? భాష తెలిసినవారు, ఆ పనిలో ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

పాకాల జంక్షన్:

‘తీయరాదు’ చాలు. బోర్డు చూసి జనం ఆగాలి గానీ నిఘంటువు తెరవకూడదు.

కపిలతీర్థం (తిరుపతి):

పాకాల వారి తీర్పుతో నాకు పేచీ లేదు కానీ, కారణం కూడా చెప్పుకోవాలి కదా. సంస్కృతం చెప్పుకొని బతుకుతున్నవాడిని కాబట్టి ‘చిత్రీకరణ’ సంగతి నేను ఎత్తుకుంటాను. ఇది చ్వి ప్రత్యయంతో ఏర్పడిన మాట. అంతకుముందు కానిదానిని అలా చేసినప్పుడు ఈ ప్రత్యయం వస్తుంది. తెల్లగా లేనిదానిని తెల్లగా చేస్తే శుక్లీకరణం, చిత్రం కానిదానిని చిత్రంగా చేస్తే చిత్రీకరణం. కాగితం మీద ఉన్న సన్నివేశం తెరమీది బొమ్మగా మారుతుంది గనుక సినిమావారికి ఈ మాట చక్కగా అతికింది. పాణిని అష్టాధ్యాయిలో మూడవ అధ్యాయం మూడవ పాదంలో ‘చిత్రీకరణే చ’ అని 150వ సూత్రం ఉంది. అక్కడ ఆ మాటకు ఆశ్చర్యం అని అర్థం. కెమెరాకూ ఆ సూత్రానికీ ఏ సంబంధమూ లేదు. పాతదై ఉండి కొత్త పనికి కుదిరిన మాటలలో ఇదీ ఒకటని చెప్పడానికే ప్రస్తావించాను.

తెలుగులో ‘చిత్రీకరించు’ రెండు దారులలో నడుస్తోంది. ఒకటి సినిమా దారి: పాటను చిత్రీకరించారు, పోరాట ఘట్టాన్ని చిత్రీకరించారు. రెండవది రాజకీయ దారి: తమను దోషులుగా చిత్రీకరిస్తున్నారని నాయకులు రోజూ వాపోతుంటారు. రెండింటిలోనూ ఒక ఏర్పాటు ఉంది. ముందుగా మనసులో ఒక రూపం అనుకొని, వెలుతురు, మనుషులు, మాటలు అమర్చి, ఆ రూపాన్ని నలుగురికీ చూపడం అన్నమాట. మెట్ల మీద వెళుతున్న అమ్మాయిని ఎవరో ఫోన్‌లో దొంగచాటుగా తీస్తే దానిని చిత్రీకరణ అనడానికి నాకు నోరు రాదు. తలకోనకో చంద్రగిరి కోటకో సినిమా యూనిట్లు వచ్చి పోయే ప్రాంతం మనది. ‘చిత్రీకరణ నిషేధం’ అన్న బోర్డు చూస్తే ఇక్కడ షూటింగులకు అద్దెకు ఇవ్వరు కాబోలు అనుకొని వెళ్లిపోతారు.

మొగిలి కనుమ (చిత్తూరు):

పెళ్లి వీడియోలు తీసి జీవిస్తున్నవాడిని. మా పనిలో ‘చిత్రీకరించు’ అన్న మాట బేరం మాట్లాడేటప్పుడూ రాదు, రసీదులోనూ రాదు. అయితే ‘తీయు’ ఒక్కటే వస్తుందని కూడా అనుకోవద్దు. ఎవరు మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి క్రియ మారిపోతూ ఉంటుంది.

పెళ్లివారి బంధువులు ‘వీడియో పెట్టినారా?’ అని అడుగుతారు. అంటే మేళం పెట్టినట్టు, వంటవాళ్లను పెట్టినట్టు, వీడియో మనిషిని కుదుర్చుకున్నారా అని. పెళ్లికూతురి తండ్రి ‘తీయిస్తున్నాం’ అంటాడు, ఎందుకంటే డబ్బు ఆయనది. నేను ‘తీస్తున్నాను’ అంటాను. మండపం మీదికి వచ్చినవాళ్లను నిలబెట్టి ‘ఒక ఫోటో దిగండి’ అంటాం గానీ, ‘ఒక వీడియో దిగండి’ అని ఈ జిల్లాలో ఎవరూ అనగా నేను వినలేదు. ఫోటోకు మనిషి ఒప్పుకొని, చొక్కా సర్దుకొని, కదలకుండా నిలబడతాడు కాబట్టి ఆ పనిలో అతనికీ వాటా ఉంది. అందుకే దిగడం అతని క్రియ అయింది. వీడియోకు ఎవరూ అలా నిలబడరు. వీడియోలో ‘పడతారు’. విస్తరి ముందు కూర్చొని పాయసం జుర్రుకుంటున్నవాడు తనకు తెలియకుండానే పడతాడు, ఆ తరువాత క్యాసెట్టులో తనను చూసుకొని మమ్మల్ని తిట్టుకుంటాడు. (క్యాసెట్లు పోయి ఎన్నేళ్లయినా ఆ మాట నా నోట్లోంచి పోలేదు.)

ఇంకొకటి ఉంది. పల్లెల్లో పెళ్లి జరిగితే కెమెరా వెనుకకు ఒక పెద్దాయన తప్పకుండా వస్తాడు. కెమెరాకున్న చిన్న తెరలో ఎర్ర చుక్క, దాని పక్కన ఒకటొకటిగా పెరుగుతున్న సెకన్ల అంకెలు చూస్తూ ‘ఎక్కతా ఉందా నాయనా?’ అని అడుగుతాడు. ఆయన అడిగినది నేను తీస్తున్నానా అని కాదు. నేను తీస్తున్నట్టు ఆయనకు కనిపిస్తూనే ఉంది. లోపల అది నిలుస్తోందా లేదా అన్నదే ఆయన ప్రశ్న. కొన్ని కెమెరాలలో ఎర్ర మీట ఒకసారి నొక్కితే మొదలవుతుంది, రెండోసారి నొక్కితే ఆగిపోతుంది. హడావిడిలో రెండుసార్లు తగిలితే మనం జీలకర్ర బెల్లం మీదికి కెమెరా గురిపెట్టి నిలబడే ఉంటాం, లోపల మాత్రం ఏమీ ఎక్కదు. తీయడం వేరు, ఎక్కడం వేరు అని మా పని నేర్చుకునే కుర్రవాళ్లకు మొదట చెప్పేది ఇదే.

పాకాల జంక్షన్:

మొగిలి అన్నా, ‘తీసేశాం’ సంగతి కూడా చెప్పండి. దాని మీద మీకు కథలు ఉండే ఉంటాయి.

మొగిలి కనుమ (చిత్తూరు):

లేకేం. ఒక పెళ్లిలో విడిది దగ్గర ఎదురుకోలు జరిగింది. మగపెళ్లివారి మేనత్తకు అక్కడ ఏదో మాట పట్టింపు వచ్చి, గట్టిగానే మాట్లాడింది. మరునాడు పెళ్లికొడుకు అన్న ఫోన్ చేసి ‘విడిది దగ్గరిది తీసేశారా?’ అని అడిగాడు. మా కుర్రవాడు అన్నీ తీసేశాం, ఒక్కటి కూడా వదల్లేదని భరోసా ఇచ్చాడు. పెళ్లివారికి అర్థమైనది, ఆ గొడవ ముక్కను చెరిపేశామని. మా కుర్రవాడు చెప్పినది, ఆ ఘట్టాన్ని పూర్తిగా తీశామని. పెన్‌డ్రైవ్ వాళ్ల ఇంటికి చేరాక మేనత్తగారు టీవీలో తన గొంతు తానే విన్నారు. ఆ తరువాత జరిగినది ఇక్కడ రాయతగినది కాదు.

పాకాల జంక్షన్:

నేను అనుకున్నది ఇదే. తెలుగులో ‘వేయు’ అనుబంధ క్రియగా చేరితే పని ముగిసిందని అర్థం: చదివేశాను, తినేశాను, రాసేశాను. అదే తీరున ‘తీసేశాను’ అంటే తీయడం ముగించాను అని కావాలి. కానీ ‘తీసివేయు’ ఎప్పటినుంచో తొలగించడమనే సొంత అర్థంతో స్థిరపడి ఉంది. లెక్కల్లో తీసివేత కూడా అదే. కనుక ‘వీడియో తీసేశాను’ అన్న మాటకు రెండు పూర్తి విరుద్ధమైన అర్థాలు ఒకేసారి వస్తాయి. ‘అతడు జేబులోంచి ఫోన్ తీసి, వీడియో తీసి, పోలీసులు రాగానే తీసేశాడు’ అన్న వాక్యంలో క్రియ ఒక్కటే, పనులు మూడు. నోటిమాటలో సందర్భం కాపాడుతుంది. రాతలో ‘తొలగించాడు’ అనో ‘చెరిపేశాడు’ అనో రాయడమే క్షేమం. స్వర్ణముఖి గారు తమ బోర్డులో ‘అటువంటి వీడియోలు వెంటనే తీసేయవలెను’ అని మాత్రం దయచేసి రాయవద్దు.

నీవా ఒడ్డు (చిత్తూరు):

కోర్టు కాగితాల మధ్య పనిచేసేవాడిని. ‘తీయు’, ‘తీయించు’ల తేడా మా దగ్గర మర్యాదకు సంబంధించినది కాదు, సాక్ష్యానికి సంబంధించినది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం) 105వ సెక్షన్ ప్రకారం, సోదా చేయడాన్నీ, వస్తువులు స్వాధీనం చేసుకోవడాన్నీ, వాటి జాబితా రాసి సాక్షులచేత సంతకాలు పెట్టించడాన్నీ ఆడియో వీడియో సాధనంతో, వీలైతే మొబైల్ ఫోన్‌తోనే, రికార్డు చేయాలి. ఆ రికార్డింగును జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మధ్యవర్తుల నివేదికలో, అంటే పంచనామాలో, ‘వీడియో తీసితిమి’ అని ఉంటే ఫోన్ పట్టుకున్నది అధికారే అని అర్థం. ‘వీడియో తీయించితిమి’ అని ఉంటే పట్టుకున్నది మరొకరు, ఆ మరొకరు ఎవరన్న ప్రశ్న క్రాస్ పరీక్షలో వస్తుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో ఆ పరికరం ఏదో, దాని వివరాలేమిటో చెప్పాలి కాబట్టి, ఒక్క ‘ఇంచు’ ప్రత్యయం దగ్గర అజాగ్రత్తగా ఉంటే కాగితం ఒకటి చెబుతుంది, ధ్రువపత్రం మరొకటి చెబుతుంది.

ఇక మీ బోర్డు సంగతి. సమాచార సాంకేతిక చట్టంలో 66ఇ అనే సెక్షన్ ఉంది. 2008 సవరణతో చేరింది. ఒక వ్యక్తి గోప్య భాగాల చిత్రాన్ని, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా, ఏకాంతానికి భంగం కలిగే పరిస్థితులలో తీసినా, ప్రచురించినా, ప్రసారం చేసినా మూడేళ్ల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయలకు మించని జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అందులో ‘తీయడం’ అన్న పనికి వివరణ ఇస్తూ, వీడియో టేపు మీద పట్టడం, ఫోటో తీయడం, ఫిల్మ్ మీదికి ఎక్కించడం, మరే విధంగానైనా రికార్డు చేయడం అన్నీ కలిపి చెప్పారు. చట్టం రాసినవాళ్లకే ఒక్క క్రియ సరిపోలేదని గమనించండి.

స్వర్ణముఖి (తిరుపతి):

నీవా ఒడ్డు గారూ, మీరు చెప్పిన ఆ చివరి ముక్కే నా అనుమానం. ‘తీయరాదు’ అని మాత్రమే రాస్తే, గదిలో స్నేహితురాలితో వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు అవతలివారు ఆ తెరను రికార్డు చేస్తే అది ‘తీయడం’ కిందికి వస్తుందా? కెమెరా ఎవరూ ఎత్తలేదు కదా. ఎక్కడో ఒకచోట ఫోన్‌ను ఆన్‌లో ఉంచి పోతే దానిని ఏమనాలి?

నీవా ఒడ్డు (చిత్తూరు):

ఫోన్ ఉంచి పోయినవాడు తీసినట్టే. మనిషి పక్కన లేకపోవడం అతనికి రక్షణ కాదు. తెరను రికార్డు చేయడం మాత్రం వేరు. దానిని ఎవరూ ‘తీశాడు’ అనరు, ‘రికార్డు చేశాడు’ అనే అంటారు. గొంతు విషయంలోనూ అంతే, ‘ఆడియో తీశాడు’ అని మన వైపు వినబడదు. కాబట్టి రెండు క్రియలూ అవసరమే.

తలకోన:

ఒక పత్రికకు వార్తలు రాసేవాడిని. మా వార్తల్లో మనిషి చేతిలో లేని కెమెరాకు వేరే క్రియలు ఉన్నాయి. సీసీ కెమెరాలో దృశ్యాలు ‘నిక్షిప్తమయ్యాయి’, లేదా ‘నమోదయ్యాయి’. ‘సీసీ కెమెరా తీసింది’ అని ఎవరూ రాయరు, ఎందుకంటే తీయడానికి ఒక ఉద్దేశం ఉండాలి, గోడకు బిగించిన పెట్టెకు అది లేదు. అయితే ‘నమోదు’తో చిక్కు ఏమిటంటే, కేసూ నమోదవుతుంది, వర్షపాతమూ నమోదవుతుంది. ‘దృశ్యాలు నమోదు కావడంతో కేసు నమోదైంది’ అన్న వాక్యం రాసి పంపితే డెస్కువారు తలపట్టుకుంటారు.

దానికంటే ముప్పు తెచ్చేది ‘చిక్కు’. 2023లో అలిపిరి నడకదారిలో చిరుతల భయం ఎక్కువైనప్పుడు అటవీశాఖ ట్రాప్ కెమెరాలూ పెట్టింది, బోనులూ పెట్టింది. ‘కెమెరాకు చిక్కిన చిరుత’ అని ఒక శీర్షిక, ‘బోనుకు చిక్కిన చిరుత’ అని ఇంకొక శీర్షిక. మొదటిది చదివినవాళ్లలో కొందరు ‘చిక్కిందట కదా, ఇక నడిచిపోవచ్చు’ అనుకున్నారు. అది చిక్కలేదు, అక్కడే తిరుగుతోందని చెప్పడానికే ఆ వార్త రాసింది! అప్పటినుంచి నేను ‘కెమెరాలో కనిపించింది’ అని రాస్తున్నాను. పదును తగ్గినా ఫరవాలేదు.

రామసముద్రం వారధి:

మా పల్లెలు కన్నడానికి దగ్గర, మా అమ్మగారి ఊరు కుప్పం దాటితే తమిళానికి దగ్గర. చిన్నప్పుడు మా ఇంట్లో ‘ఫోటో ఎత్తినారు’ అనేవాళ్లు. బళ్లో తెలుగు పంతులు అది తప్పని, ‘తీశారు’ అనాలని దిద్దేవారు. పెద్దయ్యాక చూస్తే తమిళులు ‘ఎడు’ అంటున్నారు, కన్నడిగులు ‘తెగె’ అంటున్నారు, అందరూ ఏదో ఒకటి తీసేవాళ్లూ ఎత్తేవాళ్లే. తప్పొప్పుల మాట పక్కన పెట్టి, బోర్డుకు మాత్రం ‘తీయు’ మేలు. జిల్లా దాటినా అర్థమవుతుంది.

కపిలతీర్థం (తిరుపతి):

మొగిలి కనుమ గారు చెప్పిన ‘ఎక్కడం’ నన్ను వదలడం లేదు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులకెక్కాయి అనే కదా మనం అంటాం. వాటిని చెక్కించి కొండమీద ఆలయంలో భద్రపరచినవారు తాళ్లపాక వారు. ఆ చోటును సంకీర్తన భాండారం అంటారు. అక్కడా క్రియలు ఇలాగే విడివడి ఉన్నాయి. పాడినది ఒకరు, చెక్కించినది మరొకరు, ఉలి పట్టినది ఇంకొకరు, రేకుకెక్కినది పాట. పొలం పేరు అడంగల్‌లో ఎక్కించడం, బండిలోని పెన్‌డ్రైవ్‌కు పాటలు ఎక్కించడం కూడా ఆ వరుసలోవే. ఏదైనా నిలిచిపోయే చోటికి చేరితే తెలుగువాడు దానిని ‘ఎక్కింది’ అంటాడు.

పాకాల జంక్షన్:

స్వామీ, రాగిరేకులు బాగున్నాయి గానీ పెన్‌డ్రైవ్‌కు పాటలు ఎక్కించడం రికార్డు చేయడం కాదు, నకలు వేయడం. అసలు కుర్రకారు ‘రికార్డు’ అనగానే ప్రయోగశాల పుస్తకం అనుకుంటారు. ‘రికార్డు రాశావా’ అన్నది డిగ్రీ చదివిన ప్రతివారూ పడిన బాధ. అయినా బోర్డు మీద ‘రికార్డు చేయరాదు’ అంటే ఫోన్ పట్టుకున్న ఎవరికైనా అర్థమవుతుంది.

స్వర్ణముఖి (తిరుపతి):

అందరూ చెప్పినవి కలిపి ఇలా రాశాను. తప్పులు చూడండి.

‘వసతిగృహం ఆవరణలో ఇతరుల అనుమతి లేకుండా ఫోటోలు గానీ వీడియోలు గానీ తీయరాదు, తీయించరాదు. ఫోన్ సంభాషణలను, వీడియో కాల్‌లను రికార్డు చేయరాదు. అటువంటివాటిని ఎవరికీ పంపరాదు, సామాజిక మాధ్యమాలలో పెట్టరాదు. గేటు, నడవా, మెట్ల దగ్గర సీసీ కెమెరాలలో రాకపోకలు రికార్డు అవుతుంటాయి.’

నీవా ఒడ్డు (చిత్తూరు):

‘తీయించరాదు’ పెట్టడం మంచి పని. బయటివారికి ఫోన్ ఇచ్చి తీయించేవారు అందులోకి వస్తారు. ‘ఇతరుల అనుమతి’ మాత్రం మార్చండి. పక్క గది అమ్మాయి అనుమతి ఇచ్చిందని చెప్పి ఎదురు గది అమ్మాయిని తీస్తే మీ వాక్యం ప్రకారం తప్పు కాదు. ‘ఎవరిని తీస్తున్నారో వారి అనుమతి లేకుండా’ అనండి. రెండవ వాక్యంలోనూ ‘అవతలివారి అనుమతి లేకుండా’ అని చేర్చకపోతే, తల్లితో మాట్లాడిన మాటలు దాచుకున్నా నేరమే అవుతుంది.

మొగిలి కనుమ (చిత్తూరు):

ఇందులో రీల్స్ సంగతి రాలేదు. రీల్‌ను ‘తీయరు’, ‘చేస్తారు’. ఆడేదీ తనే, తీసేదీ తనే, పెట్టేదీ తనే కాబట్టి వాళ్ల దృష్టిలో అది ‘చేయడం’. యూట్యూబువాళ్లు కూడా ‘దీని మీద ఒక వీడియో చేశాను’ అంటారు. మీ బోర్డు చదివిన అమ్మాయి ‘నేను ఎవరినీ తీయడం లేదు, నా రీల్ నేను చేసుకుంటున్నాను’ అంటుంది. ఆమె మాట నిజమే. కానీ ఆమె వెనుక తువ్వాలు చుట్టుకొని స్నానానికి వెళుతున్న పిల్ల అందులో పడుతుంది. మీకు రాబోయే గొడవల్లో చాలావరకు ఇటువంటివే ఉంటాయని నా అనుభవం మీద చెబుతున్నాను.

తలకోన:

నిజం. దానికి ఒక వాక్యం కావాలి: ‘తమ వీడియోలు, రీల్స్ చేసుకునేవారు వాటిలో ఇతరులు పడకుండా చూసుకోవాలి.’

స్వర్ణముఖి (తిరుపతి):

ఆ వాక్యం నిర్వాహకురాలికి చదివి వినిపించాను. ‘పడకుండా’ మోటుగా ఉంది, ‘కనిపించకుండా’ అని మార్చమంటున్నారు. ‘చిత్రీకరణ’ను వదులుకోవడానికి ఒప్పుకున్నారు కాబట్టి ఇది ఆవిడ మాట ప్రకారం పోనిద్దామా?

మొగిలి కనుమ (చిత్తూరు):

వద్దమ్మా. కనిపించకపోయినా గొంతు పడుతుంది. ఆ మేనత్తగారు మా వీడియోలో ఒక్క క్షణం కూడా కనిపించలేదు, కెమెరా పెళ్లికొడుకు మీదే ఉంది. గొడవంతా గొంతుతోనే వచ్చింది.

స్వర్ణముఖి (తిరుపతి):

‘పడకుండా’ ఉంచుతున్నాను. బోర్డు రాసే ఆయనకు రేపు పొద్దున ప్రతి ఇవ్వాలి, ఎవరికైనా ఇంకేమైనా తోస్తే ఈ రాత్రిలోగా చెప్పండి.

పాకాల జంక్షన్:

‘రికార్డు’లో దీర్ఘం, ఒత్తు సరిగా పడ్డాయో లేదో, ఆయన రాసి ముగించేదాకా దగ్గర నిలబడి చూసుకోండి.